ఎవరి కోసం వెలుగుతోంది ఇది?

మాస్టారు పోయారన్న మెసేజ్ వచ్చినప్పుడు నేను మంగళగిరిలో మా ఆఫీసు మీటింగు హాల్లో ఉన్నాను. పన్నెండు కావస్తోంది. బయట ఎండ మండిపోతోంది. లోపల మేము తెర మీద బొమ్మలు సరిగ్గా కనపడాలని కిటికీలకి కర్టెన్లు దించేసి, కర్టెన్లు దించేసరికి చీకటైందని లైట్లన్నీ వేసుకుని, ఏసీ చల్లదనం ఇంకాస్త పెంచుకుని, రాబోయే ఇరవై ఏళ్లలో ఎంత కరెంటు కావాలో లెక్కలు కడుతున్నాం. బొగ్గెంత, అణువెంత, సోలారెంత. నా ఉద్యోగం అదే. పై వాళ్లు మాట్లాడుకోవడానికి కింద కూర్చుని నోట్సు రాసిపెట్టడం.

మెసేజ్ మా ఊరి పాస్టరు గారు పెట్టారు. "మాస్టారు ప్రభువునందు నిద్రించారు. రేపు పదకొండు గంటలకు భూస్థాపన. స్థలం తర్వాత తెలియజేస్తాము." ఆ చివరి వాక్యం మళ్లీ చదివాను. పోయిన మనిషిని ఎక్కడ పెడతారో పల్లెలో ఎవరూ రాయరు, రాయక్కర్లేదు. మాస్టారి దగ్గరికి వచ్చేసరికి అది తేలని విషయమైంది. తేలకపోవడానికి కారణమైన వాళ్లలో నేనొకదాన్ని.

లేచి స్విచ్ బోర్డు దగ్గరికి వెళ్లాను. కనీసం ఆ కిటికీ పక్క వరసైనా ఆర్పుదామని. "ఏంటి మేడమ్, స్లైడు కనపడటం లేదా?" అన్నారు మా పెద్ద సారు. "కనపడుతోంది సార్," అని వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. నాకు కోపం ఎక్కువని మా ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ కోపం ఏ పనికీ రాదని నాకు తెలుసు.

మాది కనిగిరి వైపు మెట్ట ఊరు. బోరున్న వాళ్లు మిరప, పత్తి వేస్తారు, లేని వాళ్లు వాన కోసం చూస్తారు. మా వాళ్లు బోరున్న వాళ్లు. ఊరికి తూర్పున విడిగా దళితుల పల్లె, పల్లెలో చర్చి. మాస్టారిది పల్లె. మా హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పేవారు.

ఆయన స్విచ్ నొక్కే తీరు వేరు. వేలి కొసతో నొక్కేవారు కాదు. చూపుడు వేలు మడిచి కణుపుతో టక్కుమనిపించేవారు. వేళ్లకి సుద్ద ఉంటుంది, బోర్డు పాడవుతుందని మొదలైన అలవాటు. రిటైరై సుద్దముక్క మానేసిన పదేళ్లకి కూడా కణుపుతోనే. ఆర్పాక వెంటనే కదిలేవారు కాదు. ఆరిన దీపం వంక ఒక క్షణం చూసి అప్పుడు వెళ్లేవారు. ఆర్పే ముందు మాత్రం ఒక ప్రశ్న ఉండేది. "ఎవరి కోసం వెలుగుతోందిరా ఇది?" ఆ ప్రశ్న హెడ్మాస్టరు గదిలోనూ అడిగేవారు, కాకపోతే 'రా' తీసేసి.

పిల్లలం నవ్వుకునేవాళ్లం. పెళ్లిళ్లకి పిలవాలంటే జనం భయపడేవారు. డెకరేషన్ లైట్లు చూసి ఈయన ఏమంటాడో అని. వాళ్లావిడ, ఆవిడా టీచరే, ఎలిమెంటరీ స్కూల్లో, మాతో అనేవారు: "ఈయనతో కాపురం అంటే తడుముకుంటూ వండుకోవడమేనమ్మా. మూడో గ్లాసు ఎక్కడుందో నాకు చేత్తో తెలుసు." అంటూనే ఆవిడా వంటింట్లోంచి వస్తూ బల్బు ఆర్పి వచ్చేవారు.

నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు ఆయన మా నాన్న దగ్గరికి వచ్చారు. ఆ రోజుల్లో మా వైపు మోటార్లన్నిటికీ ఆటో స్టార్టర్లు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలీదు కాబట్టి రాగానే దానంతటదే తిరిగేలా పెట్టుకుని ఇంట్లో పడుకునేవారు రైతులు. కరెంటు రాగానే ఊళ్లో మోటార్లన్నీ ఒక్కసారి లేచేవి. ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మనేది. మిరప పూత మీద ఉండగా పది రోజులు నీళ్లు బంద్. మాస్టారు సెలవు రోజుల్లో చేను చేనుకీ తిరిగి ఆటో తీసేయమని, కరెంటు వృథా తగ్గించే కెపాసిటరు పెట్టుకోమని చెప్పేవారు.

"మాస్టారూ, కరెంటు ఊరికే ఇస్తుంటే మధ్యలో మీకేంటండీ నొప్పి?" అన్నాడు మా నాన్న వసారాలో మంచం మీద కూర్చుని.

"ఊరికే వచ్చింది కూడా ఎక్కడో ఒకచోట పుట్టాలి గదండీ. అక్కడెవరో ఒకరు చేను వదులుకునే ఉంటారు."

"వాళ్ల సంగతి వాళ్లు చూసుకుంటారు."

"మన సంగతి చెబుతాను. మీ మోటారు తీసుకునే కరెంటులో నీళ్లయ్యేది సగమే. మిగతాది వేడి. మీరు బోరుకి జ్వరం తెప్పిస్తున్నారు."

మా నాన్న నవ్వాడు గానీ కెపాసిటరు పెట్టలేదు. ఆ ఏడు ట్రాన్స్‌ఫార్మర్ మూడుసార్లు కాలాక పెట్టాడు. పెట్టి, "మోటారు సౌండు తగ్గింది" అని నా దగ్గర మాత్రం ఒప్పుకున్నాడు. ఆ రోజు మాస్టారు వచ్చి వెళ్లేదాకా నిలబడే మాట్లాడారు. అమ్మ మంచినీళ్లు తెస్తానంటే వద్దని తన సంచిలోంచి సీసా తీసి తాగారు. పొదుపు మనిషి, నీళ్లు కూడా తనవే తెచ్చుకుంటాడని అనుకున్నాను. మా ఇంట్లో పల్లె వాళ్లకని ఒక గ్లాసు విడిగా గూట్లో బోర్లించి ఉండేదని, ఆ సంగతి ఆయనకి తెలుసని నాకు అర్థమవడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

నేను ఇంజినీరింగ్ చదివేటప్పుడు సముద్రం వైపు ఎక్కడో అణు విద్యుత్ కేంద్రం పెడతారని, జనం అభిప్రాయం అడుగుతున్నారని తెలిసింది. మాస్టారు ఒక బస్సు మాట్లాడి పల్లె వాళ్లని, రిటైరైన టీచర్లని పోగేసుకుని బయల్దేరారు. నాకు కబురు పెట్టారు. "అమ్మాయ్, నువ్వు కరెంటు చదువుతున్నావుగా, వచ్చి చూడు."

పెద్ద షామియానా. మధ్యాహ్నం రెండింటికి దాని నిండా ఫోకస్ లైట్లు. జాలర్లు ఒకవైపు, పోలీసులు ఒకవైపు. మాస్టారి వంతు వచ్చేసరికి మూడు నిమిషాలిచ్చారు. ఆయన మొదటి నిమిషం తలెత్తి లైట్లు లెక్కపెట్టారు. జనమూ తలెత్తారు. స్టేజీ మీద ఉన్న ఆఫీసరు గారు ఓపిగ్గా అడిగారు. "మాస్టారూ, అణువు వద్దంటున్నారు. మరి దేశానికి కరెంటు ఎక్కడి నుంచి తేవాలో మీరే చెప్పండి."

"తెచ్చే ముందు ఎంత కావాలో తెలుసుకుందామండీ. ఇప్పుడు ఇక్కడ ఇరవై ఆరు లైట్లున్నాయి. ఎవరి కోసం వెలుగుతున్నాయి ఇవి? ముందు ఇవి ఆర్పండి. ఆర్పాక మిగిలిన అవసరం ఎంతో చెప్పండి. దానికి ఎండ చాలుతుందా, గాలి చాలుతుందా చూడండి. అదీ చాలకపోతే అప్పుడు వచ్చి వీళ్ల ఊళ్లు అడగండి. మీరు చివర అడగాల్సింది ముందు అడుగుతున్నారు."

చప్పట్లు కొట్టారు. స్టేజీ దిగుతూ ఆయన జనరేటర్ దగ్గరి బోర్డులో ఒక వరస కణుపుతో ఆర్పేశారు. కరెంటు పనివాడు పరుగెత్తుకొచ్చి మళ్లీ వేశాడు. మళ్లీ ఆర్పారు. మళ్లీ వేశాడు. తిరుగు ప్రయాణంలో బస్సంతా అదే నవ్వు. నేను ఈ ఉద్యోగంలోకి రావడానికి ఆ రోజే కారణం. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు నేను ఆయన వైపు చూశాను, లైట్లు మళ్లీ వేసినవాడి వైపు చూడలేదు.

ఉద్యోగం వచ్చాక ఆయన రెండుసార్లు మా ఆఫీసుకి వచ్చారు. మొదటిసారి నా కంప్యూటర్లో గుండ్రటి బొమ్మ చూపించాను. నల్లరంగు బొగ్గు, పసుపు సోలారు, ఊదా అణువు.

"ఇందులో వాడకుండా మిగిల్చింది ఎక్కడుందే?"

"దాన్ని బొమ్మలో వెయ్యలేం మాస్టారూ."

"ఏం, దానికి శంకుస్థాపన ఉండదనా?"

"అందుకే," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. వెళ్తూ మా అంతస్తులో ఖాళీగా తిరుగుతున్న ఫ్యాన్లన్నీ కట్టేసి వెళ్లారు.

వాళ్లావిడ టీచరమ్మ గారు జబ్బుపడ్డప్పుడు చూడ్డానికి వెళ్లాను. మా వైపు ఫ్లోరైడు నీళ్లకి మోకాళ్లు ముందే పోయాయి, ఆ పైన మూత్రపిండాలు. పట్టపగలు, కిటికీ తెరిచి ఉంది, గదినిండా వెలుతురు. అయినా ఆవిడ మంచానికి పైన బల్బు వెలుగుతోంది. నేను అలవాటుకొద్దీ స్విచ్ వైపు చెయ్యి చాపాను. మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఉండనీ అమ్మాయ్. ఆవిడకి కళ్లు తెరవగానే అది కనపడాలి." ఆయన తన ఇంట్లో పగలు వెలగనిచ్చిన ఒకే ఒక్క దీపం అది. ఆవిడని పల్లె వెనకాల సమాధుల దొడ్డిలో పెట్టారు. పక్కన తనకి చోటు ఉంచుకుని సిమెంటు గట్టు కట్టించారాయన.

ఆ తర్వాతి ఏడాది మా వైపు సోలార్ ప్లాంటు వచ్చింది. చోటు వెతికిన నోట్సు నేను రాసినవే. మా నాన్న పొలం పట్టా భూమి, పైగా బోరు, దాని జోలికి ఎవరూ పోలేదు. పల్లె వాళ్లకి ఎప్పుడో ప్రభుత్వం ఇచ్చిన రెండేసి ఎకరాలు 'సాగులో లేని మెట్ట' అయ్యాయి. వాన పడిన ఏడు అక్కడ కంది వేసేవారని, పడని ఏడు గొర్రెలు మేసేవని నాకు తెలుసు. నోట్‌లో వాటికి గడి లేదు. మాస్టారికి నేనే ఫోన్ చేసి గొప్పగా చెప్పాను.

ఆయన సంతోషించారు. పల్లెలో కొందరు వెనకాడితే ఇల్లిల్లూ తిరిగారు. "అణువు వద్దని బస్సేసుకుని వెళ్లొచ్చాను. ఇదీ వద్దంటే నా నోటికి ఏం విలువ? ఇది ఎండ. ఎవరినీ ఏం చెయ్యదు."

పల్లెలో ఒక పద్ధతి ఉంది. బ్యాంకు కాగితమైనా, ఆస్పత్రి కాగితమైనా, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో బల్ల ముందు నిలబడి మాస్టారు గట్టిగా చదవాలి. చదివి "బాగానే ఉంది" అన్నాకే సంతకాలు, వేలిముద్రలు. ఆ బల్ల ముందు అబద్ధం రాదని వాళ్ల నమ్మకం. ప్లాంటు వాళ్ల కౌలు కాగితం ఇంగ్లీషులో ఉంది. రెండు ఆదివారాలు ఆయన పేరా పేరా తెలుగులో చెప్పారు. మధ్య వారంలో పేజీలన్నీ ఫోటోలు తీసి నాకు పంపారు. "అమ్మాయ్, నేను సైన్సు మాస్టార్ని, లాయర్ని కాదు. నువ్వొకసారి చూడు."

నేను మీటింగులో ఉన్నాను. బొటనవేలు బొమ్మ పంపించాను. అంతే. నేనూ వేలిముద్రే వేశాను. పల్లెలో ముసలమ్మలు కనీసం విని వేశారు.

సమాధుల దొడ్డికి విడిగా కాగితం లేదు. ఎప్పుడో మాస్టారి నాన్న తన రెండెకరాల్లో ఒక మూల చర్చి సంఘానికి నోటిమాటగా ఇచ్చాడు. ఇచ్చిన మాట అందరికీ తెలుసు, విడగొట్టి నంబరు వేయించాలని ఎవరికీ తట్టలేదు. పల్లె వాళ్ల లెక్కలో చేను చేనే, దొడ్డి దొడ్డే. కాగితంలో మాత్రం రెండూ ఒకే నంబరు, 'పూర్తి విస్తీర్ణం'. ఆ ముక్క మాస్టారు బల్ల ముందు గట్టిగా చదివారు. చర్చి నిండా విన్నారు. ఒక్కరికీ దొడ్డి గుర్తు రాలేదు. చనిపోయిన వాళ్లని కౌలుకిస్తున్నామని ఎవరనుకుంటారు?

కంచె వేసే రోజు తెలిసింది. ఇనుప వల దొడ్డిని కూడా లోపలికి కలుపుకుని వచ్చింది. గొడవ చేస్తే, ఉన్న సమాధులు ముట్టుకోమన్నారు. నెలకో ఆదివారం గేటు దగ్గర పేరు రాయించి, పాస్ తీసుకుని వెళ్లి చూసుకోవచ్చన్నారు. కొత్తగా తవ్వడానికి మాత్రం వీల్లేదు, కింద కేబుళ్లు పోతున్నాయి.

అప్పుడు రెండోసారి వచ్చారు మా ఆఫీసుకి. ఈసారి ఫ్యాన్ల వంక చూడలేదు. కుర్చీ అంచు మీద కూర్చున్నారు.

"అమ్మాయ్, ఆ ముక్క నువ్వు చూశావా?"

"చూడలేదు మాస్టారూ. అసలు ఏదీ చదవలేదు."

"నేను చూశాను. చూసి, చదివి వినిపించాను. నీదేం లేదులే." తిట్టి ఉంటే బాగుండేది. "పల్లెలో ముసలివాళ్లు అడుగుతున్నారే, మమ్మల్నెక్కడ పెడతారు మాస్టారూ అని. ఏం చెప్పను?"

నేను తెలివితక్కువగా అడిగాను. "సోలార్ కోసం తిరగడం తప్పనిపిస్తోందా మీకు?"

"ఎండదేం తప్పు? అద్దాలదేం తప్పు? సముద్రం ఒడ్డున వాళ్ల తరఫున అడిగాను, ముందు ఎంత కావాలో చెప్పండి, ఎవరి చోటో చూడండి అని. మా దగ్గరికి వచ్చేసరికి నేనే అడగలేదు. నాకు నచ్చిన కరెంటు కదా అని అడగలేదు."

దొడ్డి వరకు విడగొట్టి ఇప్పించమని ఫైలు పెట్టాను. మా దగ్గర ఫైలు కదలడమంటే ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి పోవడం. కదులుతూనే ఉంది. నేను అడిగినప్పుడల్లా "ప్రాసెస్‌లో ఉంది మేడమ్" అనేవారు. నేను అదే మాట మాస్టారికి చెప్పేదాన్ని.

ఆయన పాస్ తీసుకోలేదు. "మా ఆవిడ దగ్గరికి చీటీ రాయించుకుని వెళ్లను," అన్నారట. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక కంచె బయట రోడ్డు పక్క నిలబడి, వల కన్నాల్లో వేళ్లు పెట్టుకుని చూసి వచ్చేవారు. చర్చిలో చదవడం కూడా మానేశారు. ఎవరు కాగితం తెచ్చినా "ఇంకెవరి చేతైనా చదివించుకోండమ్మా" అని తిప్పి పంపేవారు. పాస్టరు గారు ఎంత చెప్పినా వినలేదు. పింఛను ఆగిపోయిన ముసలామె ఏడ్చినా వినలేదు.

మాస్టారు పోయిన రోజు సాయంత్రం నుంచీ నేను ఫోన్లు చేస్తూనే ఉన్నాను. తెల్లారి దారిలోనూ చేశాను. దొడ్డిలో తవ్వాలంటే రాతపూర్వకంగా అనుమతి ఉండాలన్నారు. ఆ రాత ఎవరు రాయాలో ఎవరూ చెప్పలేదు.

పదకొండున్నరకి పెట్టె ప్లాంటు గేటు ముందు ఉంది. రెండు బల్లల మీద దించారు. ఎండకి ఎవరో గొడుగు పట్టారు పెట్టె మీద. ప్లాంటు మేనేజరు మర్యాదస్తుడే. "మేడమ్, నా చేతిలో లేదండి. లోపల గునపం దిగితే నా ఉద్యోగం పోతుంది," అన్నాడు. నేను అరిచాను. ఏం అరిచానో గుర్తు లేదు. ఆయన తల వంచుకుని విన్నాడు, గేటు తియ్యలేదు.

మా నాన్న వచ్చాడు. ఎప్పుడూ పల్లె వైపు రాని మనిషి. తలపాగా తీసి చేత్తో పట్టుకుని సంఘం పెద్దావిడతో అన్నాడు. "మన చేలో ఒక మూల ఇస్తాను. అక్కడ పెడదాం మాస్టారిని."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "నోటిమాటగా వద్దులే అయ్యా. రేపు ఇంకో కాగితంలో పోతాడు." తర్వాత మెల్లగా, "టీచరమ్మకి దగ్గరగా పెడదాం. అంతకంటే ఏమీ లేదు."

కంచె బయట, రోడ్డు మార్జిన్లో తవ్వారు. ఆయన ఆదివారాలు నిలబడే చోటే. కంకర నేల, గునపం మోగుతోంది. వల అవతల రెండు బారల దూరంలో టీచరమ్మ గారి సమాధి, దాని పక్కన ఆయన కట్టించుకున్న సిమెంటు గట్టు, లోపల ఖాళీ. ఆ అవతల వరసలు వరసలుగా అద్దాలు. దొడ్డి మూలన కంచె స్తంభానికి పెద్ద లైటు. వెలుగుతోంది. పన్నెండు గంటల ఎండలో, టీచరమ్మ గారి తల మీద.

పాస్టరు గారు వాక్యం చదువుతున్నారు. నేను గేటు దగ్గర సెక్యూరిటీ అతని దగ్గరికి వెళ్లాను.

"ఎవరి కోసం వెలుగుతోందయ్యా అది?"

అతను తలెత్తి చూశాడు. "అదాండీ? దానంతటదే వెలుగుతుందండీ. సెన్సార్ పోయినట్టుంది, నెల్లాళ్లుగా పగలు కూడా అంతే."

"ఆర్పు."

"స్విచ్ ఇక్కడ లేదండి."

"ఎక్కడుంది?"

"నాకు తెలీదండి. ఎవరూ చెప్పలేదు."

నా కుడిచేతి చూపుడు వేలు మడిచే ఉంది. వెనక నుంచి మట్టి వెయ్యడానికి పిలిచారు. వెళ్లి మూడు పిడికిళ్లు వేశాను. లైటు వెలుగుతూనే ఉంది.